12 సెకన్ల వీడియోను షాపు టీవీల గంటసేపు తిప్పుడెట్ల?

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మా బావకు ఇక్కత్ చీరల షాపుంది. పోయిన దసరా ముందు గోడకు పెద్ద టీవీ పెట్టిచ్చి "గట్టుప్పల్ పోయి మగ్గం వీడియో తీస్కరారా, పొద్దంత తిరుగుతుండాలె" అన్నడు. తెచ్చిన. పెన్‌డ్రైవ్‌ల ఏసి రిపీట్ నొక్కితే 12 సెకన్లకోసారి స్క్రీన్ నల్లగయితది, కింద ఫైల్ పేరొచ్చి పోతది, మళ్ల మొదలైతది, చూసేటోళ్లకు కరెంటు పోయి వస్తున్నట్టే ఉంది. టీవీ రిపీట్ మీద భారమెయ్యకుండ కంప్యూటర్‌లనే గంట ఫైల్ చేసిస్తే గంటకోసారి నల్లగయినా ఎవ్వరు పట్టించుకోరు.

దీనికి షాట్‌కట్ (కత్తిరించనీకి), హ్యాండ్‌బ్రేక్ (ఫైళ్లను ఒకే తీరుగ మార్చనీకి), లాస్‌లెస్‌కట్ (అంటించనీకి) అనే మూడు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు చాలు. మూడూ ఓపెన్ సోర్స్, వీడియో మీద వాటర్‌మార్క్ పడదు.

తీసేటప్పుడే సగం పని అయిపోవాలె. ఫోన్ స్టాండ్ మీద పెట్టుర్రి, స్క్రీన్ మీద వేలుతోని ఒత్తిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చెయ్యిర్రి. లేకపోతే నేతాయన చెయ్యి అడ్డమొచ్చినప్పుడల్లా ఫోన్ తనంతల తానే వెలుతురు పెంచి తగ్గిస్తది, రేపు అతుకు కాడ, అంటే వీడియో చివర మళ్ల మొదలుతోని కలిసే కాడ, అదే టక్కున కొడతది.

ఇగ కత్తిరించుడు. అసలు కథంత ఇక్కడనే ఉంది. షాట్‌కట్ తెరిచి ముందుగాల్నే వీడియో మోడ్ 1080పీ, సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు) అని ఎంచుకోర్రి, ఆటోమేటిక్‌ల వదిలేస్తే మొదలు ఏ క్లిప్ ఏస్తే దాని సైజే పట్టుకుంటది, అది నిలువు వీడియో అయితే ప్రాజెక్టంత నిలువైపోతది. క్లిప్‌ను టైమ్‌లైన్ మీదికి లాగి, నాడె (మగ్గం మీద అటు ఇటు ఉరికి అడ్డం నూలు ఏసేది) ఎడమ చివరికొచ్చి ఆగిన ఫ్రేమ్ కాడ ఎస్ కీ నొక్కితే అక్కడ తెగుతది. బాణం కీలతోని ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంట పోయి, నాడె మళ్ల అదే జాగకొచ్చిన ఫ్రేమ్ దొరకబట్టి ఇంకో కోత పెట్టుర్రి. ఆ రెండో ఫ్రేమ్ మాత్రం లోపల ఉండొద్దు, ఉంటే ఒకటే బొమ్మ రెండుసార్లు పడి నాడె చిన్నగ తట్టుకున్నట్టు కనిపిస్తది. ముందు ముక్క, ఎన్క ముక్క ఎక్స్ కీతోని తీసేసి ఎక్స్‌పోర్ట్ కొట్టుర్రి.

ఒక చిక్కుంది. నేసినకొద్ది బట్ట పెరుగుతది కద, అతుకు కాడ అది కొంచెం ఎన్కకు జరుగుతది. ఇక్కత్‌ల నూలుకే ముందుగాల రంగు ఎక్కిచ్చి నేస్తరు కాబట్టి డిజైన్ కండ్లముందటనే తేలుతుంటది, చూసేటోళ్ల చూపంత ఆడికే పోతది. అందుకే నాడె, చేతులు మాత్రమే పడేటట్టు దగ్గర్నుంచి తీసిన ముక్క వాడిన.

నాడె లెక్క తిరిగొచ్చే వస్తువు లేకపోతే, అంటే రంగు కుండల నీళ్లు, ఆరేసిన నూలు గాలికి ఊగుడు లాంటియి, వాటికి వేరే ఉపాయం. క్లిప్‌ను మధ్యల కోసి రెండో సగం ముందు పెట్టుర్రి, మొదటి సగం ఎన్క పెట్టుర్రి, రెండింటిని అర సెకను ఒకదాని మీదికి ఒకటి జరిపితే షాట్‌కట్ దానంతలదే మెల్లగ కలిపేస్తది. ఇప్పుడు ఫైల్ చివర, ఫైల్ మొదలు ఒకప్పుడు పక్కపక్కన ఉన్న ఫ్రేములే, కాబట్టి తిప్పితే ఆడ అతుకే దొరకదు. చేతులున్న వీడియోకు ఇది పనికిరాదు, కలిసే కాడ నాలుగు చేతులు కనిపిస్తయి.

ముందుకొకసారి ఎన్కకొకసారి తిప్పే రివర్స్ కూడ చేసి చూసిన. బావ చూసి "ఏందిరా, నేసిన చీర ఊడదీస్తున్నవ్" అన్నడు.

గంట చేసుడు అల్కగనే అయితది. నేను మొదలు టైమ్‌లైన్ మీద 300 సార్లు పేస్ట్ చేసి ఎక్స్‌పోర్ట్ పెడితే ల్యాప్‌టాప్ రాత్రంత గుర్రుపెట్టింది, తెల్లారి చూస్తే సగంలనే ఆగి ఉంది. అట్ల చెయ్యకుర్రి. ఎక్స్‌పోర్ట్ అయిన 12 సెకన్ల ఫైల్‌ను ఫోల్డర్‌ల 10 కాపీలు చేసి లాస్‌లెస్‌కట్‌ల పడేసి మెర్జ్ కొడితే 2 నిమిషాల ఫైల్. దానికి మళ్ల 10 కాపీలు, 20 నిమిషాలు. దానికి 3 కాపీలు, గంట. లాస్‌లెస్‌కట్ వీడియోను మళ్ల ఎన్‌కోడ్ చెయ్యది, అంటే కొత్తగ తయారు చెయ్యది, ఉన్నదాన్ని ఉన్నట్టే అంటిస్తది, అందుకే జల్దీ అయితది, క్వాలిటీ పోదు. కమాండ్లు రాసే అలవాటుంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌ల స్ట్రీమ్ లూప్ ఆప్షన్ ఇదే పని చేస్తది, ఇన్‌పుట్ ఫైల్ కంటే ముందు రాయాలె, 9 అని ఇస్తే మొత్తం 10 సార్లు తిరుగుతది.

వేరేవేరే క్లిప్పులు కలపాలంటే ముందు అన్నీ ఒకే తీరుగ ఉండాలె. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), సైజు, ఫ్రేములు కలవకపోతే మెర్జ్ అయినట్టే అయ్యి రెండో క్లిప్ కాడ బొమ్మ గడ్డకడతది. అన్నింటిని హ్యాండ్‌బ్రేక్‌ల ఏసి హెచ్.264, 1080పీ, కాన్‌స్టంట్ 30 ఫ్రేములు అని పెట్టి తియ్యిర్రి, ఫోన్ వీడియోలల్ల ఫ్రేములు ఎక్కువ తక్కువ అయితుంటయి కాబట్టి కాన్‌స్టంట్ అన్నది మర్చిపోవద్దు. ఒకదాంట్ల సౌండ్ ఉండి ఇంకోదాంట్ల లేకున్నా పేచీనే, షాపుల ఎట్లాగూ మ్యూట్‌లనే ఉంటది, అన్నింటికీ తీసేయుర్రి. వాట్సాప్‌ల తెప్పించుకునేది ఉంటే డాక్యుమెంట్ లెక్క పంపమనుర్రి, మామూలుగ పంపితే పిండేసి పంపుతది, పెద్ద టీవీల మసక మసక ఉంటది.

సైజు కూడ చూస్కోవాలె. సెకనుకు 8 మెగాబిట్ల వీడియో గంటకు 3.6 జీబీ అయితది, ఫ్యాట్32 అనే ఫార్మాట్ ఉన్న పెన్‌డ్రైవ్‌ల 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, కాబట్టి రెండు గంటలు కావాలంటే బిట్‌రేట్ (ఆ సెకనుకు ఇన్ని మెగాబిట్లు అన్నది) సగం చెయ్యిర్రి. పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టినంక మెట్ల మీద కూసొని నాలుగైదు అతుకులు దాటేదాక చూడుర్రి, ల్యాప్‌టాప్‌ల కనిపియ్యని తట్టు పెద్ద స్క్రీన్ మీద బయటపడతది.