ఫైల్ కంప్యూటర్‌లోనే ఉంది, సెర్చ్‌లో మాత్రం రావట్లేదా? ఇలా చూడండి

నిన్ననే సేవ్ చేశారు, పేరు కూడా గుర్తుంది, సెర్చ్‌లో కొడితే మాత్రం ఏమీ లేదంటుంది, లేదంటే ఫైల్ అడిగితే ఇంటర్నెట్ రిజల్ట్స్ తెచ్చి పెడుతుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టే ఉంటుంది ఈ వ్యవహారం. ఒక్క విషయం ముందే తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది: స్టార్ట్ మెనూలో పేరు కొట్టగానే విండోస్ వెళ్లి డిస్క్ మొత్తం గాలించదు, ముందే రాసి పెట్టుకున్న చిట్టా ఒకటి ఉంటుంది, దాన్ని ఇండెక్స్ అంటారు, అందులో చూసి చెప్పేస్తుంది. చిట్టాకి ఎక్కని ఫైల్ దాని లెక్కలో లేనట్టే. అందుకే ఫైల్ పోయిందని కంగారు పడకుండా ముందు సెర్చ్ ఎక్కడ వెతుకుతోందో చూడాలి.

సమస్య: స్టార్ట్ మెనూలో రాదు, ఫోల్డర్ తెరిస్తే అక్కడే కూర్చుని ఉంటుంది

ఎక్కువమందికి వచ్చేది ఇదే. విండోస్ 10, 11 రెండింట్లోనూ మామూలుగా సెర్చ్ క్లాసిక్ అనే మోడ్‌లో ఉంటుంది, అంటే డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ లాంటివి మాత్రమే చిట్టాకి ఎక్కుతాయి. మీరేమో అన్నీ డి డ్రైవ్‌లో పెట్టుకుంటారు, అది దానికి తెలీదు.

విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్తే కింద సెర్చింగ్ విండోస్ అని ఉంటుంది (కొత్త అప్‌డేట్లలో పేరు కాస్త అటూ ఇటూ మారొచ్చు), విండోస్ 10లో అయితే సెట్టింగ్స్‌లో సెర్చ్ కిందే ఉంటుంది. అక్కడ క్లాసిక్ బదులు ఎన్‌హాన్స్‌డ్ పెడితే కంప్యూటర్ మొత్తం చిట్టా రాయడం మొదలుపెడుతుంది. మొదటిసారి చాలాసేపు పడుతుంది, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి వదిలేయండి. అదే పేజీలో వెతకకుండా వదిలేసిన ఫోల్డర్ల లిస్ట్ కూడా ఉంటుంది, మీ ఫోల్డర్ గనక అందులో ఉంటే ఆ లిస్ట్‌లోంచి తీసేయండి, లేకపోతే ఎన్‌హాన్స్‌డ్ పెట్టినా లాభం లేదు.

నన్నడిగితే మాత్రం మొత్తం పెట్టక్కర్లేదు. స్టార్ట్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్ అని కొట్టి తెరిచి, మాడిఫై నొక్కి, మీరు నిజంగా వాడే ఫోల్డర్లకే టిక్ పెట్టుకుంటే చాలు. చిట్టా 4,00,000 ఫైళ్లు దాటితే కంప్యూటర్ నెమ్మదించడం మొదలవ్వొచ్చని, 10 లక్షలు దాటితే సెర్చే మొరాయించొచ్చని మైక్రోసాఫ్టే చెప్తోంది, ప్రోగ్రామింగ్ చేసేవాళ్ల ఫోల్డర్లు కలిస్తే ఆ సంఖ్య అంత దూరమేం కాదు.

ఇప్పటికిప్పుడు ఫైల్ కావాలా, అయితే సెట్టింగ్స్ పక్కన పెట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, డి డ్రైవ్‌లోకి వెళ్లి, పైన కుడి మూల బాక్స్‌లో పేరు కొట్టండి. చిట్టాలో లేని చోట అది నిజంగానే ఒక్కో ఫోల్డర్ తిరిగి చూస్తుంది. లేటవుతుంది, కానీ దొరుకుతుంది.

సమస్య: ఎక్స్‌ప్లోరర్‌లో కొట్టినా రావట్లేదు

ఆ బాక్స్ మీరు ఏ ఫోల్డర్‌లో ఉంటే అక్కడి నుంచి కిందకే వెతుకుతుంది, పక్క ఫోల్డర్ జోలికి పోదు. డౌన్‌లోడ్స్‌లో నిలబడి డాక్యుమెంట్స్‌లో ఉన్నది అడిగితే ఎక్కణ్ణుంచి తెస్తుంది పాపం. ఎడమవైపు దిస్ పీసీ నొక్కి అక్కడ కొట్టండి. ఒకసారి సెర్చ్ చేశాక పైన సెర్చ్ ఆప్షన్స్ అని బటన్ వస్తుంది, అందులో కరెంట్ ఫోల్డర్ అని ఉంటే ఆల్ సబ్‌ఫోల్డర్స్‌కి మార్చండి. జిప్ ఫైల్ లోపల ఉందేమో అని డౌటుంటే జిప్ ఫోల్డర్స్ అనే టిక్ కూడా అక్కడే ఉంటుంది. ఇంకా వ్యూ మెనూలో షో కింద హిడెన్ ఐటమ్స్ ఆన్ చేసి చూడండి.

సమస్య: పేరు మధ్యలో ముక్క గుర్తుంది, అది కొడితే రాదు

చిట్టాలో మాటలు మొదటి అక్షరం నుంచి చూస్తుంది. ఫైల్ పేరు మార్కులలిస్ట్ అని కలిపి రాసి ఉంటే, మార్కు అని కొడితే వస్తుంది, లిస్ట్ అని కొడితే రాకపోవచ్చు. ముందు ఒక స్టార్ గుర్తు పెట్టి *లిస్ట్ అని కొట్టండి, స్టార్ అంటే ఇక్కడ ఏదైనా ఉండొచ్చు అని అర్థం. పీడీఎఫ్‌లు మాత్రమే కావాలంటే స్టార్, చుక్క, పీడీఎఫ్ అని ఇంగ్లీష్ అక్షరాల్లో గ్యాప్ లేకుండా కొడితే సరిపోతుంది.

సమస్య: పేరే గుర్తులేదు

నా సంగతి చెప్తాను, ఒకే రిపోర్ట్‌ని ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ ఇదే అని మూడు చోట్ల సేవ్ చేసుకుని చివరికి ఏది పంపాలో తెలీక అరగంట కొట్టుకున్నాను, పేరుతో వెతికితే మూడూ వచ్చాయి, లాభం లేదు. అప్పుడు పనికొచ్చింది తేదీ. సెర్చ్ ఆప్షన్స్‌లో డేట్ మాడిఫైడ్ ఉంటుంది, ఈరోజు, నిన్న, ఈ వారం, పోయిన నెల అని ఎంచుకోవచ్చు. పక్కనే కైండ్ ఉంటుంది, ఫొటోనా వీడియోనా డాక్యుమెంటా అని, ఇంకోటి సైజ్. డిస్క్ నిండిపోయి పెద్ద వీడియో ఎక్కడుందో తెలీకపోతే సైజ్ కన్నా మంచి దారి లేదు. బాక్స్‌లో ఒక చుక్క తప్ప ఏమీ రాయకుండా ఇవి పెట్టుకున్నా పనిచేస్తాయి.

అసలు సెర్చ్ జోలికి వెళ్లకుండా ఇంకో దారుంది. ఆ ఫైల్‌ని ఏ ప్రోగ్రామ్‌లో చేశారో అందులోకే వెళ్లండి. వర్డ్, ఎక్సెల్‌లో ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కితే రీసెంట్ అని లిస్ట్ వస్తుంది, పేరు కింద ఏ ఫోల్డరో కూడా రాసి ఉంటుంది. బ్రౌజర్‌లో దించుకున్నదైతే కంట్రోల్ పట్టుకుని జె నొక్కండి, షో ఇన్ ఫోల్డర్ అంటే నేరుగా ఆ చోటికే తీసుకెళ్తుంది. నేనైతే ముందు ఇక్కడే చూస్తాను, సెర్చ్ తర్వాతే.

సమస్య: ఫైల్ లోపల ఉన్న మాటతో వెతికితే దొరకదు

దీనికి కారణాలు చాలా. ఫోల్డర్ చిట్టాలో లేకపోతే పేర్లు మాత్రమే చూస్తుంది, సెర్చ్ ఆప్షన్స్‌లో ఫైల్ కంటెంట్స్ టిక్ పెడితే లోపల కూడా చదువుతుంది, టైమ్ పడుతుంది. ఫోల్డర్ చిట్టాలో ఉన్నా రాకపోతే ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి ఫైల్ టైప్స్ ట్యాబ్‌లో మీ ఫైల్ రకం ఎంచుకుని, ప్రాపర్టీస్ అండ్ ఫైల్ కంటెంట్స్ అనేది పెట్టి ఉందా లేదా చూడండి.

స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఎన్ని టిక్‌లు పెట్టినా కష్టమే, అది మన కంటికి అక్షరాలు, కంప్యూటర్‌కి ఫొటో. మౌస్‌తో ఒక లైన్ సెలెక్ట్ చేసి చూడండి, సెలెక్ట్ అవ్వట్లేదంటే అది బొమ్మే, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ చదవగలిగేలా మార్చడం) చేయించుకుంటే తప్ప లోపలి మాట దొరకదు. వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్) మబ్బు గుర్తు ఉన్న ఫైళ్లదీ ఇదే కథ, పేరు ఇక్కడుంటుంది కానీ లోపలి సరుకు ఇంటర్నెట్‌లో ఉంటుంది, రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ పెట్టుకోండి.

తెలుగులో టైప్ చేసిన వాటికి ఇంకో తలనొప్పి. యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే తెలుగు పద్ధతి) కాని పాత ఫాంట్లలో కొట్టిన డాక్యుమెంట్ స్క్రీన్ మీద చక్కటి తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉండేది మాత్రం ఇంగ్లీష్ అక్షరాల గందరగోళం, తెలుగులో వెతికితే ఎలా దొరుకుతుంది. యూనికోడ్‌లో కూడా సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి దూరుతుంది, కొందరి కీబోర్డ్‌లో అది ఉంటుంది కొందరి దాంట్లో ఉండదు, అలాంటప్పుడు పూర్తి మాట కొట్టకుండా మొదటి రెండు అక్షరాలు కొట్టి చూడండి.

సమస్య: మార్చి సేవ్ చేశాను, మళ్లీ తెరిస్తే పాతదే వస్తోంది

మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్‌ని అక్కడే తెరిచి, మార్పులు చేసి, సేవ్ నొక్కేశారా? అది టెంపరరీ ఫోల్డర్‌లోకి వెళ్లి ఉండొచ్చు, అది హిడెన్, సెర్చ్‌కి అంత తేలిగ్గా చిక్కదు. వెంటనే వర్డ్ రీసెంట్ లిస్ట్‌లోంచి తెరిచి, సేవ్ యాజ్ కొట్టి మంచి చోట పెట్టేయండి. ఆలస్యం చేస్తే అది క్లీన్ అయిపోయే ప్రమాదం ఉంది.

ఇంకో కారణం రెండు డాక్యుమెంట్స్ ఫోల్డర్లు. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ లోపలికి మారిపోతాయి, పాత చోట ఇంకో డాక్యుమెంట్స్ మిగిలిపోతుంది. రెండూ తెరిచి తేదీలు పోల్చుకోండి.

సమస్య: సెర్చ్ మొత్తం మొద్దుబారిపోయింది

బాక్స్‌లో ఏం కొట్టినా ఖాళీ, లేదా అన్నీ పాత రిజల్ట్సే. ముందు రీస్టార్ట్ చేయండి, నవ్వొద్దు, చాలాసార్లు దాంతోనే పోతుంది. తగ్గకపోతే స్టార్ట్‌లో సర్వీసెస్ అని కొట్టి, లిస్ట్‌లో కిందకి వెళ్తే విండోస్ సెర్చ్ అని ఉంటుంది, దాని మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ నొక్కండి, స్టార్టప్ టైప్ డిసేబుల్డ్ అని ఉంటే ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్ పెట్టండి. కంప్యూటర్ స్పీడ్ పెంచుతామనే చిట్కాలు చూసి దీన్ని ఆపేసుకుని మర్చిపోయినవాళ్లు చాలామంది.

ఇవన్నీ అయ్యాకే రీబిల్డ్. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ లోపల ఉంటుంది. పాత చిట్టా చింపేసి కొత్తగా రాస్తుంది, మీ ఫైళ్లకి ఏమీ కాదు, కానీ అయ్యేదాకా గంటలు పట్టొచ్చు, ఆలోపు సెర్చ్ సగం సగం రిజల్ట్సే ఇస్తుంది. మధ్యలో ఓపిక లేక మళ్లీ రీబిల్డ్ నొక్కితే మళ్లీ మొదటికే.

మ్యాక్ వాళ్లకి సెర్చ్ కోసం స్పాట్‌లైట్ ఉంది, కమాండ్ స్పేస్ నొక్కితే వచ్చేది, 2005 నుంచీ ఉంది. అది తేడా చేస్తే సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్పాట్‌లైట్ కింద సెర్చ్ ప్రైవసీలో మీ డిస్క్‌ని లిస్ట్‌లో చేర్చి, మళ్లీ తీసేయండి, కొత్తగా చిట్టా రాసుకుంటుంది.

సమస్య: ఏం చేసినా దొరకలేదు

అప్పుడు రీసైకిల్ బిన్ తెరవండి, మామూలు సెర్చ్ అందులోకి తొంగి చూడదు. అక్కడ ఒరిజినల్ లొకేషన్ అనే కాలమ్‌లో ముందు ఎక్కడుండేదో కనపడుతుంది, రీస్టోర్ కొడితే ఆ చోటికే వెళ్తుంది. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చేసినవీ, పెన్ డ్రైవ్‌లోంచి డిలీట్ చేసినవీ మామూలుగా అక్కడికి రావు. వన్‌డ్రైవ్‌లో ఉండేదైతే వెబ్‌సైట్‌లో దానికి వేరే రీసైకిల్ బిన్ ఉంటుంది, పర్సనల్ అకౌంట్‌కి 30 రోజులు ఉంచుతుంది, రోజులు లెక్కపెట్టుకుని తొందరగా చూసుకోండి.