నాటకం పోస్టర్‌కి ఏఐ బొమ్మ: ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేసుకోవాలి

మా నాటక సమాజం కన్యాశుల్కం వేసినప్పుడు హాలు లాబీలో పెట్టే పోస్టర్ పని నా నెత్తిన పడింది. ఆర్టిస్టుకి ఇవ్వడానికి డబ్బుల్లేవు, ఏఐ టూల్ ఉంది కదా అని దిగాను. ఒక్కో తప్పూ చేసి నేర్చుకున్నవి ఇవి.

అక్షరాలు తెలుగులా ఉన్నాయి, తెలుగు కాదు

దూరం నుంచి తెలుగే అనిపిస్తుంది. దగ్గరికెళ్తే సగం కన్నడ, సగం జిలేబీ.

కారణం: ఈ టూల్స్ అక్షరాన్ని కూడా చెట్టునో కుర్చీనో గీసినట్టే గీస్తాయి. ఇంగ్లీషులో అక్షరాలు పక్కపక్కన పేరిస్తే సరిపోతుంది. మనకి గుణింతం పైకెక్కుతుంది, ఒత్తు కిందికి దిగుతుంది. పైగా అవి నేర్చుకున్న బొమ్మల్లో తెలుగు రాత తక్కువ. 'కన్యాశుల్కం'లో రెండు ఒత్తులున్నాయి. నాకు రెండూ ఒక్కసారి కూడా సరిగ్గా రాలేదు. కొత్త టూల్స్ కొంత నయమే గానీ, పేరు కుదిరితే తేదీ చెడుతుంది.

పరిష్కారం: రాత దానికి ఇవ్వకండి. 'అక్షరాలు వద్దు, పై మూడో వంతు ఖాళీగా ఉంచు' అని ప్రాంప్ట్‌లో (టూల్‌కి రాసిచ్చే సూచనలో) చెప్పండి. తర్వాత ఇంక్‌స్కేప్‌లోనో కాన్వాలోనో మీరే టైప్ చేయండి. పేరుకి రామభద్ర లాంటి లావు ఫాంటు, వివరాలకి మండలి బాగుంటాయి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. పాత వెర్షన్ ఫొటోషాప్‌లో ఒత్తులు విడివిడిగా పడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి, భారతీయ లిపులకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్‌కి మార్చండి.

ఇంకో చిక్కు: డీటీపీ షాపులో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లే వాడతారు. అవి యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే అక్షర పద్ధతి) కావు. మీరు వాట్సాప్‌లో పంపిన మేటర్ అక్కడ అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని గీతలుగా) మార్చి పీడీఎఫ్ ఇచ్చేస్తే గొడవే ఉండదు.

వేషం మనది కాదు

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. అగ్నిహోత్రావధానులు కావాలంటే కాషాయం కట్టి, బారెడు గడ్డంతో కాశీ సాధువు వచ్చాడు. మధురవాణి అనార్కలీ వేసుకుని మొఘలు దర్బారులో నిలబడింది. అన్నిటికన్నా ఘోరం బుచ్చమ్మ: నుదుట బొట్టు, చేతినిండా గాజులు, జడలో పూలు. ఆ పిల్ల బాల వితంతువు. నాటకం నడిచేదే ఆ విషయం మీద. ఆ బొమ్మ లాబీలో పెడితే పెద్దవాళ్లు లోపలికి రాకముందే మా పరువు పోయేది.

కారణం: పాత్ర పేరు చెబితే టూల్‌కి ఏమీ తెలియదు. 'బ్రాహ్మణుడు', 'నర్తకి', 'భారతీయ యువతి' అంటే అది ఎక్కువగా చూసిన బొమ్మల సగటు తీసి ఇస్తుంది. ఆ సగటులో 19వ శతాబ్దం చివరి విజయనగరం ఉండదు.

పరిష్కారం: పేర్లు, కులాలు, 'సంప్రదాయ' అనే మాట వదిలేసి బట్ట చెప్పండి. 'పంచె, ఒంటి మీద ఉత్తరీయం, వెనక పిలక, గడ్డం లేదు, పెంకుటిల్లు, మండువా, కిరసనాయిలు దీపం' అన్నాక అవధానిగారు మన ఊరికొచ్చారు. ఏది ఉండకూడదో కూడా రాయాలి, కానీ 'బొట్టు లేకుండా' అంటే కొన్ని టూల్స్ ఆ మాట పట్టుకుని బొట్టే పెడతాయి. అప్పుడు నుదురు వరకు సెలెక్ట్ చేసి ఆ ముక్కే మళ్లీ గీయించండి. లేదా బుచ్చమ్మని వెనక నుంచి, గుమ్మంలో నీడగా చూపించండి. నేను అదే చేశాను. ముఖం లేకపోవడమే ఆ పాత్రకి నప్పింది.

'పోస్టర్‌లో ఉన్నాయన స్టేజీ మీదికి ఎప్పుడొస్తాడు?'

మన నాటకాలకి సగం జనం వేసేవాళ్లని చూడ్డానికే వస్తారు. మా గిరీశం వేసే ఆయన ఏఐ గిరీశాన్ని చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రిహార్సల్లో వేషంతో ఫొటో తీసి, ఏఐ బొమ్మని వెనక దృశ్యానికి మాత్రమే వాడండి. ఫొటోని టూల్‌లోకి ఎక్కించే ముందు ఆ మనిషిని అడగండి. ఆడవాళ్ల ఫొటోలైతే మరీ ముఖ్యం.

ఫోన్లో అదిరింది, ప్రింటులో మసక

కారణం లెక్కలో ఉంది. టూల్ ఇచ్చే బొమ్మ చాలాసార్లు 1024 × 1536 పిక్సెల్స్. ఏ2 కాగితం 16.5 × 23.4 అంగుళాలు. అంటే అంగుళానికి 62 పిక్సెల్స్. దగ్గర నిలబడి చూసే పోస్టర్‌కి కనీసం 150 కావాలి.

పరిష్కారం: అప్‌స్కేల్ చేసే (పిక్సెల్స్ పెంచే) ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నాలుగింతలు పెంచితే 248 వస్తుంది, చాలు. పెంచాక చేతివేళ్లు, కళ్లు ఒకసారి చూడండి, లేని గీతలు పుడతాయి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే పడిన కష్టమంతా అక్కడే నలిగిపోతుంది.

రంగు చచ్చిపోయింది, పైగా మెరుపు

తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటు సిరాతో. మెరిసే నీలం, నియాన్ ఆకుపచ్చ కాగితం మీద వాడిపోతాయి. చీకటి బొమ్మలు ఇంకా నల్లబడతాయి. అందుకే ముందు ఏ4 మీద ఒక ప్రింటు తీయించి, బొమ్మలో కాస్త వెలుగు పెంచుకోవాలి. గ్లాసీ లామినేషన్ వేయిస్తే లాబీ ట్యూబ్‌లైటు సరిగ్గా పోస్టర్‌లో టైము, వేదిక రాసిన చోటే పడి మెరుస్తుంది. మ్యాట్ (మెరవని రకం) అడగండి. వేయించేశాక తెలిస్తే పోస్టర్‌ని పక్క గోడకి మార్చడమే. మేం చేసింది అదే, టీ స్టాలు పక్కన పెట్టాం.