నోటిలెక్కలు, 4వ పాఠం: తీసేయాల్సింది ఎంత?

ఈసారి పూర్తిగా భాగహారం చెప్పాలనుకున్నాను. కానీ పోయిన పాఠంలో ఇచ్చిన 48 × 99కి చాలామంది 4,799 అని రాశారు. దీన్ని ఇలాగే వదిలేస్తే భాగహారంలోనూ వెంట వస్తుంది.

99 అంటే 100కి ఒకటి తక్కువ. ఇక్కడిదాకా అందరూ సరిగ్గానే వచ్చారు, 4,800 అన్నారు. తర్వాత 1 తీసేశారు. తీసేయాల్సింది 1 కాదు, ఒక 48.

కొండమీద లడ్డూ 50 రూపాయలు. 100 లడ్డూలు 5,000. ఒక లడ్డూ వద్దనుకుంటే తగ్గేది రూపాయా, యాభయ్యా? 99 లడ్డూలు 4,950. అలాగే 48 × 99 అంటే 4,800లోంచి 48 పోవాలి. నేనైతే 50 తీసేసి 2 కలుపుతాను: 4,750, 4,752. 36 × 98లో తక్కువైంది రెండు 36లు, అంటే 72. జవాబు 3,528. 19కైనా, 199కైనా ఇంతే.

ఇంకో మాట. 8 × 9 = 72 కదా, అంటే 48 × 99 జవాబు చివర 2 ఉండి తీరాలి. 4,799లో చివరి 9 చూడగానే అనుమానం రావాలి. ఈ చూపు దయచేసి అలవాటు చేసుకోండి, అర సెకను పని.

ఇక భాగహారం. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. 12 మెట్లకోసారి ఆగితే ఎన్ని విడతలు? కాగితం మీద చేసినట్టు అంకెలు దించుకోవద్దు, మనసులో అవి నిలవవు. 2,400లో 12లు 200. మనకి 12 తక్కువ, అంటే ఒక్క విడత తక్కువ. 199. ఇక్కడ 200లోంచి 12 తీసి 188 అన్నారంటే, ఇందాకటి తప్పే తిరగబడి వచ్చినట్టు.

25తో భాగించాలంటే 4తో గుణించి రెండు సున్నాలు కొట్టేయండి, 100లో నాలుగు 25లు ఉంటాయి కాబట్టి. అలిపిరి దారిలో 3,550 మెట్లు: 7,100, 14,200, జవాబు 142.

అభ్యాసం: 67 × 99, 45 × 98, 1,485 ÷ 15, 3,492 ÷ 36. చివరిది కష్టమే. 3,600కి ఎన్ని 36లు తక్కువో ముందు పైకి చెప్పండి, ఆ తర్వాతే జవాబు. కాగితం ముట్టుకోవద్దు.