ఎండాకాలంలో పెట్టలు గుడ్లు తగ్గిస్తే: హైదరాబాద్ మేడ మీద కోళ్ల సమస్యలు, పరిష్కారాలు

ఏప్రిల్ దాటిందంటే మా కాలనీలో కోళ్లు పెంచేవాళ్లది ఒకటే మాట: "జాతి మంచిది కాదండీ, మోసపోయాం." మొదటి ఏడు నేనూ అదే అనుకుని రెండు పెట్టల్ని కూర చేసేశాను. తప్పు జాతిది కాదు, నీళ్ల ట్యాంకుది అని ఆ తర్వాత తెలిసింది.

గుడ్లు తగ్గాయి, పెట్టలు నోరు తెరిచి రొప్పుతున్నాయి

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడే 41 డిగ్రీల దాకా ఉంటుంది. మేలో మన దగ్గర 40 దాటితే ఆ వేడి పోయే దారి రొప్పడమొక్కటే. తిన్నది అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి పెట్ట మేత తగ్గిస్తుంది. మేత తగ్గితే గుడ్డూ తగ్గుతుంది.

ముందు నీళ్లు చూడండి. ఒకరోజు మధ్యాహ్నం మేడ మీద కొళాయి తిప్పితే నా చెయ్యి కాలింది. ట్యాంకులో కాగిన ఆ నీళ్లే గిన్నెలో పడుతున్నాయి. పెట్ట ముక్కు ముంచి, తల విదిలించి వెళ్లిపోయింది. ఇప్పుడు రాత్రే పట్టి ఉంచిన నీళ్లు మట్టి మూకుడులో పోసి నీడన పెడుతున్నాను, మధ్యాహ్నం లోపు రెండుసార్లు మారుస్తున్నాను. దాణా తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి. ఎండ వేళ పెట్టినా ముట్టవు.

రేకుల షెడ్డయితే పైన సున్నం కొట్టి వరిగడ్డి పరచండి. పక్కలకు తడి గోనెసంచులు కట్టొచ్చు, కానీ గాలి ఆడాలి. జూన్‌లో వానలు మొదలై ఉక్కపోసే రోజుల్లో మాత్రం తడి సంచులు తీసేయండి. ఉక్కలో తేమ పెరిగితే రొప్పినా వేడి పోదు.

తోలు గుడ్లు, పట్టుకుంటే పగిలే పెంకులు

ఇదీ రొప్పడంతో వచ్చేదే. పెంకు అంటే కాల్షియం కార్బొనేట్. అదేపనిగా రొప్పితే ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, పెంకుకు కావలసిన కార్బొనేట్ రక్తంలో తగ్గిపోతుంది. పైగా మేత తగ్గితే కాల్షియమూ తగ్గుతుంది. ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో సాయంత్రం పెట్టండి. పెంకు ఎక్కువగా తయారయ్యేది రాత్రిపూటే. నూకలు, మిగిలిన అన్నం మీదే నెట్టుకొస్తుంటే ఈ పొడి ఒక్కటే సరిపోదు, గుడ్లు పెట్టే కోళ్ల కోసం చేసే లేయర్ దాణా కావాలి. అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. కోడిపిల్లలకు మాత్రం అది పెట్టొద్దు, కిడ్నీలు పాడవుతాయి.

డిసెంబర్‌లో ఆగిపోయాయి

వేడి లేదు, జబ్బు లేదు, అయినా గుడ్డు లేదు. అప్పుడు పగలు 11 గంటలే. పెట్ట బాగా పెట్టాలంటే వెలుతురు 14 నుంచి 16 గంటలు కావాలి. తెల్లవారుజామున చిన్న ఎల్‌ఈడీ బల్బు వేస్తే చాలు. ఈకలు రాలుస్తుంటే మాత్రం దాన్నలా వదిలేయండి, కొత్త ఈకలు వచ్చాక మళ్లీ పెడుతుంది.

ఆకుపచ్చ విరేచనాలు, మెడ తిరిగిపోవడం

కొక్కెర తెగులు (రాణిఖేత్) అనే వైరస్ జబ్బు కావొచ్చు. చిట్కాలు వద్దు, ఆ పెట్టను వేరుచేసి పశువుల డాక్టర్‌ను పిలవండి.

అన్నీ సరిచేసినా తక్కువే

ఇప్పుడు జాతిని అడగండి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ పెరట్లో ఏడాదికి 160-180 గోధుమ రంగు గుడ్లు పెడుతుంది. అక్కడిదే వనరాజా, మాంసానికీ పనికొచ్చే రకం, గుడ్లు 100-110. దాన్ని షెడ్డులో 300 పెట్టే, గుడ్ల కోసమే పెంచే లెగ్‌హార్న్ జాతితో పోల్చి తిట్టడం అన్యాయం. అసీల్ అనే పందెం కోళ్ల జాతి ఎండకు బెదరదు గానీ కొన్ని గుడ్లు పెట్టగానే పొదగడానికి కూర్చుంటుంది.

మెడ మీద ఈకలుండని రకం చూడ్డానికి బాగోదని చాలామంది కొనరు. ఈకలు తక్కువ కాబట్టి వేడి త్వరగా పోతుంది. మా ఇంట్లో అలాంటిదొకటి ఉంది. మే మధ్యాహ్నం మిగతావన్నీ గోడవార నీడలో రెక్కలు జార్చి కూర్చుంటే, అదొక్కటే మేడంతా తిరుగుతూ కుండీలు కెలుకుతుంటుంది.