ఆమ్ని వీల్ సొంతంగా చేసుకోవడం: 48 రోలర్లు, ఒక కిటుకు

మా కాలేజీ రోబోకి మూడు ఆమ్ని వీల్స్, 120 డిగ్రీల ఎడంగా. అంచు చుట్టూ చిన్న రోలర్లుండి, ముందుకే కాక పక్కకీ జరిగే చక్రమే ఆమ్ని వీల్. కొనాలంటే డబ్బుల్లేక విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పట్టించి చేసుకున్నాం. మొదటి సెట్ పాడైంది, రెండోది నిలబడింది. ఇక్కడ ఉన్నవి ఆ రెండోదాని కొలతలే.

చక్రం వ్యాసం 100 మి.మీ. రెండు వరసలు, వరసకి 8 రోలర్లు, మూడు చక్రాలకీ కలిపి 48. రోలర్ పొడవు 22, నడుమ వ్యాసం 16, చివర్లలో 13.5. రోలర్ ఇరుసు, చక్రం మధ్య నుంచి 42 మి.మీ. దూరంలో. రోలర్‌ని లేత్ మీద పీపాలా తిప్పించాలి, ఆ వంపు చక్రం వ్యాసార్థమే, అంటే 50. "పైపు ముక్కల్లా కోసేస్తే పోలా బాబూ?" అన్నాడు లేత్ బాబాయ్. అలా కోస్తే చక్రం గుండ్రంగా దొర్లదు, పలకలు పలకలుగా దొర్లుతుంది. అందుకే లేజర్ కటింగ్‌లో మిగిలిన రేకులోనే 50 వ్యాసార్థపు గేజి (వంపు సరిచూసే అచ్చు) కోయించి ఆయన చేతికిచ్చాం.

రోలర్లకి నైలాన్ రాడ్, లోపల 3.2 రంధ్రం. ఉత్త నైలాన్ నేల మీద జారిపోతుంది, పైన హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి తగిలితే కుదించుకుపోయి బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడగాలి. ముందు ఒక ముక్క మీద కుదించి వెర్నియర్‌తో మందం చూడండి. దానికి రెండింతలు వ్యాసంలో తగ్గించి తిప్పిస్తేనే చివరికి 16 వస్తుంది.

ఒక్కో వరస మూడు అల్యూమినియం ప్లేట్ల శాండ్‌విచ్: మధ్యలో 3 మి.మీ., అటూఇటూ 2 మి.మీ. మధ్య ప్లేటు గాడిలో 30 మి.మీ. పొడవున్న 3 మి.మీ. స్టీలు పిన్ను కూర్చుంటుంది, పక్క ప్లేట్లు దాన్ని బిగించి పట్టుకుంటాయి. మిల్లింగ్ అక్కర్లేదు. రోలర్ల మధ్య పిన్నుల్ని పట్టుకునే ప్లేట్ల వేళ్లు 46 వ్యాసార్థం దాటితే నేలకి తగిలే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

ఇక మేం దెబ్బతిన్న చోటు. రెండో వరస రోలర్లు మొదటి వరస సందుల్లోకి రావాలి, అంటే 22.5 డిగ్రీలు తిరగాలి. మేం నాలుగు బోల్టు రంధ్రాలూ సరిగ్గా రోలర్ల గీత మీదే, అంటే చక్రం మధ్య నుంచి రోలర్ నడుముకి గీసిన గీత మీదే పెట్టాం. ఎలా బిగించినా రోలర్ ఎదురుగా రోలరే! రోబో గతుకుల రోడ్డు మీద ఆటోలా ఎగిరింది. రెండోసారి డ్రాయింగ్‌లో రంధ్రాలన్నిటినీ గీత నుంచి 11.25 డిగ్రీలు పక్కకి జరిపాం. అప్పుడు ఒక వరసని బోర్లించి బిగిస్తే చాలు, అటు 11.25, ఇటు 11.25, కలిపి 22.5. ఒకే డ్రాయింగ్ రెండు వరసలకీ సరిపోయింది.

వరసల నడుమ 11 మి.మీ. స్పేసర్ (ఎడం ఉంచే ముక్క) పెట్టండి. మరీ తగ్గిస్తే రోలర్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. బిగించే ముందు కోసిన అంచులన్నీ ఆకురాయితో రుద్దండి, లేకపోతే ట్యూబ్ చిరుగుతుంది.

చివరగా తెల్ల కాగితం మీద కార్బన్ పేపర్ పరిచి చక్రాన్ని మెల్లగా దొర్లించండి. గీతలు ఎడమ, కుడి, ఎడమ, కుడి అని పడుతూ, ఒకటి ముగియకముందే రెండోది మొదలవ్వాలి. మధ్యలో ఖాళీ కనిపిస్తే ఆ రోలర్ తీసి గేజి పెట్టి చూడండి.