ఓడల కాలువను తవ్వాలా వద్దా: రేవు అధ్యయనం చేసే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి చెన్నైకి వచ్చి ఓషన్ ఇంజనీరింగు చదివి, రేవు పనులు చూసే సంస్థల్లో చేరే మన తెలుగు పిల్లల చేతికి తొలి ఏడాదుల్లోనే వచ్చే పని ఒకటుంది. రేవులోకి ఓడలు వచ్చే కాలువను ఇంకా లోతుగా, ఇంకా వెడల్పుగా తవ్వవలసిన అవసరం ఉందో లేదో తేల్చమంటారు. చాలామంది వెంటనే ఎన్ని మీటర్లు తవ్వాలన్న లెక్కలోకి దిగిపోతారు. అడిగిన ప్రశ్న అది కాదు. తవ్వకుండా ఉన్నదున్నట్టు వదిలేస్తే వచ్చే ఇరవై, ముప్పై ఏళ్లలో ఆ రేవు గతి ఏమిటన్నది ముందు రాసుకోవాలి. అది రాయనిదే తవ్వితే కలిగే లాభాన్ని దేనితో పోల్చాలో తెలియదు.

ఇందుకోసం గడిచిన ఐదేళ్లలో వచ్చిన ప్రతి ఓడ పొడవు, వెడల్పు, రేవుకు చేరేనాటికి నీటిలో మునిగి ఉన్న లోతు, తెచ్చిన సరుకు, బయట లంగరు వేసి ఎదురుచూసిన గంటలు, ఆ ఎదురుచూపుకు కారణం, ఇవన్నీ ఒక పట్టికలో చేర్చండి. కారణం అన్న గడిని ఖాళీగా వదలకండి. ఓడ ఆగినది నీటి లోతు చాలకనా, బెర్తు (ఓడ నిలిచి సరుకు దించే చోటు) ఖాళీ లేకనా, ఓడకు రేవులో దారి చూపే పైలట్ గానీ దాన్ని లాగే టగ్గు పడవ గానీ దొరకకనా, గాలివానకా అన్నది విడివిడిగా తేలాలి. ఎన్నూరు దారిలో కంటైనరు లారీలు బారులు తీరి నిలబడిన రోజులు ఉత్తర చెన్నైలో ఉన్నవారందరికీ గుర్తే. అలాంటి చోట కాలువ తవ్వితే ఓడ త్వరగా లోపలికి వస్తుంది, సరుకు మాత్రం గేటు దగ్గరే ఆగిపోతుంది.

రాబోయే సరుకు అంచనాను ఒకే గీతగా గీయకండి. చెన్నై రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దించి ఎక్కించడం 2011లో హైకోర్టు ఆదేశంతో ఆగిపోయింది; ఊరిమీద పడే దుమ్ము దానికి కారణం, బొగ్గు ఎన్నూరుకు మళ్లింది. 2010లో ఎవరైనా బొగ్గు ఓడలను నమ్ముకుని కాలువ లెక్క కట్టి ఉంటే ఆ లెక్క ఏడాదిలో పనికిరాకుండా పోయేది. పైగా 2001లో మొదలైన ఎన్నూరు కామరాజర్ రేవు, దాని పక్కన కాట్టుపల్లి, ఇంకా ఉత్తరాన మన కృష్ణపట్నం చాలావరకు ఒకే సరుకు కోసం పోటీ పడుతున్నాయి. పక్క రేవు నుంచి లాక్కున్న సరుకు మీ రేవుకు లాభమే గానీ దేశానికి కొత్త లాభం కాదు. నివేదికలో ఈ రెండింటినీ కలిపేయకూడదు.

ఇక లోతు. ఉదాహరణకు నీటిలో 14 మీటర్లు మునిగే, 48 మీటర్ల వెడల్పున్న ఓడను తీసుకుందాం. నడిచే ఓడ నిలిచిన ఓడకన్నా కొంత కిందికి దిగుతుంది. దీన్ని నావికులు స్క్వాట్ అంటారు. విశాలమైన నీటిలో దీనికి ఒక మోటు సూత్రం ఉంది: నాట్లలో (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగాన్ని వర్గం చేసి, ఓడ బ్లాక్ గుణకంతో (మునిగిన భాగం, అంతే పొడవు, వెడల్పు, లోతు ఉన్న పెట్టెలో ఎంత వంతు నింపుతుందో చెప్పే సంఖ్య) గుణించి, 100తో భాగిస్తే దిగుడు మీటర్లలో వస్తుంది. గుణకం 0.7, వేగం 10 నాట్లు అయితే దిగుడు 0.7 మీటరు, ఇరుకు కాలువలో సుమారు రెండింతలు. ఓడ ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగినా ఆ వైపు అంచు 0.42 మీటరు కిందికి పోతుంది. అలల తాకిడికి 0.8 మీటరు, ఇసుక నేలకు భద్రతగా అర మీటరు ఉంచితే, విశాలమైన నీటి దిగుడుతో మొత్తం 16.4 మీటర్లు. నేల రాయి అయితే ఆ అర మీటరును ఒక మీటరు చేయాలి. రెండు పూడికతీతల మధ్య పేరుకునే ఇసుకకు ఇచ్చే మందం దీనికి అదనం.

పోటు సమయంలో మాత్రమే పెద్ద ఓడలను తెస్తే లోతు ఆదా కాదా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పోటు 10 మీటర్లు దాటే భావ్‌నగర్ వైపు అది మంచి ప్రశ్న. అమావాస్య, పౌర్ణమిలకు కూడా ఆటుకూ పోటుకూ తేడా సుమారు ఒక మీటరే ఉండే చెన్నైలో దానివల్ల కలిసివచ్చేది కొంచెమే. వేగం తగ్గించడం గురించి మాత్రం తీరిగ్గా ఆలోచించండి. 10 నాట్ల నుంచి 8కి దిగితే స్క్వాట్ 0.45కు తగ్గి, పైసా ఖర్చు లేకుండా పావు మీటరు మిగులుతుంది. అయితే నెమ్మదిగా నడిచే ఓడను అడ్డు ప్రవాహం, గాలి ఎక్కువగా పక్కకు తోస్తాయి కనుక దానికి వెడల్పు ఎక్కువ కావాలి. లోతును ఒకరు, వెడల్పును మరొకరు విడిగా లెక్కకట్టిన నివేదికలు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటాయి.

వెడల్పుకు మొదటి అంచనాగా ఒంటి దారికి ఓడ వెడల్పుకు నాలుగైదు రెట్లు, ఎదురెదురు దారికి ఏడెనిమిది రెట్లు అనుకోవచ్చు. తుది మాట ఓడ నడకను అనుకరించే సిమ్యులేటరు ముందు కూర్చున్న ఆ రేవు పైలట్లది. ఖర్చు విషయంలో మాత్రం మనసుకు తోచేది ఒకటి, లెక్క చెప్పేది మరొకటి. 5 కిలోమీటర్ల పొడవు, 250 మీటర్ల వెడల్పు ఉన్న కాలువను ఒక మీటరు లోతు చేస్తే 12.5 లక్షల ఘనపు మీటర్ల మట్టి. అదే కాలువ సహజమైన నేలకు 6 మీటర్లు దిగువన ఉంటే, కేవలం 50 మీటర్లు వెడల్పు చేయడానికి 15 లక్షలు. లోతు పెంచినప్పుడు కాలువ సముద్రంలోకి సాగుతుందన్నది కూడా మరవకండి: నేల 300 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతున్న చోట ప్రతి అదనపు మీటరు లోతుకు 300 మీటర్ల కొత్త పొడవు కలుస్తుంది. లోపల ఓడ తిరిగే వలయం, పాత లోతుకు కట్టిన బెర్తు గోడ పునాది, అలలను ఆపే గట్టు పాదం కూడా పరీక్షించాలి.

నేల పరీక్షలో పొదుపు పనికిరాదు. నేను చూసిన ఒక పనిలో బోరు రంధ్రాలు దూరదూరంగా వేయడంతో వాటి మధ్య ఉన్న గట్టి పొర కనబడలేదు. ఇసుక పీల్చే ఓడను రప్పించాక, కోసి తవ్వే యంత్రం కోసం మళ్లీ వెతకవలసి వచ్చింది. మల్టీబీమ్ ధ్వని కొలతలు నేల పైభాగాన్నే చూపుతాయి, అడుగున ఏముందో బోరుతో గానీ తేలదు. కొలతలు ఈశాన్య రుతుపవనానికి ముందొకసారి, తరువాత ఒకసారి తీయించండి.

చెన్నైలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇసుక. నైరుతి గాలుల నెలల్లో తీరం వెంట ఇసుక ఉత్తరానికి, ఈశాన్య గాలుల్లో దక్షిణానికి నడుస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరపు నడకే ఎక్కువ. రేవు గోడలు దానికి అడ్డుపడడంతో దక్షిణాన మెరీనా విశాలమైంది, ఉత్తరాన రాయపురం తీరం కోతకు గురై రాళ్ల గోడలు వేయవలసి వచ్చింది. మొదట తూర్పుకు ఉన్న రేవు ముఖద్వారాన్ని సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ రేవు పాలకుడిగా ఉన్న కాలంలో (1904-1919) మూసి ఈశాన్యానికి తెరిచారు. అందుకూ ఈ ఇసుకే కారణం. తవ్విన కాలువ ఇసుకకు గొయ్యి లాంటిది. అందుకే ఏటా ఎంత పూడుతుందో తరంగ నమూనాతో తేల్చి, ఆ పూడికతీత ఖర్చును ముప్పై ఏళ్లకూ పరచి చూడాలి. తొలి తవ్వకం ఖర్చు మీద సభలో అందరూ వాదిస్తారు, ఏటేటా వచ్చే బిల్లును మాత్రం ఎవరూ అడగరు. పుణె దగ్గరి కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం, ఐఐటీ మద్రాసు ఇలాంటి నమూనాలు చేస్తాయి. మంచి ఇసుక దొరికితే దూరాన పారబోయకుండా ఉత్తరపు కోత తీరానికి చేర్చే ప్రత్యామ్నాయాన్ని కూడా ధర కట్టి చూపండి.

లాభం వైపున, 280 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పున్న బల్క్ ఓడ (బొగ్గు, ఖనిజం లాంటి విడి సరుకును మోసేది) ఒక సెంటీమీటరు అదనంగా మునిగితే సుమారు 110 టన్నులు ఎక్కుతాయి, మీటరుకు 11 వేల టన్నులు. ఆ ఆదా ఓడ యజమాని జేబులో ఆగుతుందా, సరుకు తెప్పించుకునేవారికి కిరాయి తగ్గుతుందా అన్నది విడిగా రాయాలి.

అనుమతులకు పట్టే కాలాన్ని తక్కువగా చూపకండి. అమెరికాలో సవన్నా నది మీది రేవు కాలువను 42 అడుగుల నుంచి 47కు దింపడానికి 1999లో చట్టసభ అనుమతి దొరికితే పని ముగిసినది 2022లో. లోతు పెరిగి నదిలో ప్రాణవాయువు తగ్గుతుందన్న లెక్కతో నీటిలోకి ఆక్సిజన్ ఎక్కించే యంత్రాలు కూడా పెట్టవలసి వచ్చింది. మన దగ్గర 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్, తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కనుక తవ్వకం కాలపట్టిక వేసేటప్పుడే ఆ నెలలను గుర్తించాలి.

ప్రజాభిప్రాయ సేకరణకు ముందు కాశిమేడు చేపలరేవుకు ఒక తెల్లవారుజామున స్వయంగా వెళ్లండి, తమిళం రాకపోతే వచ్చినవారిని వెంటబెట్టుకుని వెళ్లండి. తవ్వే ఓడ తిరిగే దారి, మట్టి పోసే చోటు, వలలు వేయకూడని రోజులు ఒకే పటం మీద చూపించి, ఏ పడవకు ఎంత చుట్టు దారి అవుతుందో వారి నోటనే రాసుకోండి. స్థానిక భాషలో ఇవ్వవలసిన సంక్షిప్త నివేదికలో ఆ పటం మొదటి పుటలోనే ఉండాలి.