ఇంటి గ్యారేజీలో పాత పికప్ ట్రక్కు: విప్పే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

1967 నుంచి 1972 వరకు తయారైన షెవర్లే సి10 పికప్ ట్రక్కును కొని, ఇంటి గ్యారేజీలోనే పూర్తిగా విప్పి తిరిగి కట్టాలనుకునే తెలుగువాళ్లు టెక్సస్‌లో నాకు తెలిసినవారిలోనే ముగ్గురున్నారు. విడిభాగాలు చాలావరకు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ చేతులు ఆడేంత చోటు ఉంటుంది, కంప్యూటరు అన్న మాటే లేదు. మొదటిసారి పని నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి బండి లేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే మన ఊళ్లలో మెకానిక్ షెడ్డు రోడ్డు పక్కన, గాలి ధారాళంగా ఆడే రేకుల పందిరి కింద ఉంటుంది. ఇక్కడి గ్యారేజీ ఇంట్లో ఒక గది. దాని తలుపు తీస్తే వంటిల్లు, చాలా ఇళ్లలో దాని పైనే పిల్లల పడకగది. గ్యారేజీలో లేచిన దుమ్ము, కమ్మిన పొగ, ఒలికిన పెట్రోలు ఆవిరి నేరుగా ఇంట్లోకే వస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు బండి తెచ్చిన రోజే పానాలు చేతబట్టకుండా, ఈ కింది విషయాలను ఒక వారమైనా తీరికగా ఆలోచించుకోవాలని నా మనవి.

మొట్టమొదట సీటు వెనక చూడండి. ఈ తరం షెవర్లే పికప్‌లలో పెట్రోలు ట్యాంకు బండి అడుగున ఉండదు. సుమారు 20 గ్యాలన్లు పట్టే ఆ ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటుకూ వెనక గోడకూ మధ్య నిలువుగా, నడిపేవారి వీపుకు ఆనుకున్నట్టే ఉంటుంది. 1973 మోడలులో కంపెనీ దాన్ని క్యాబిన్ బయటికి మార్చింది. నా 1969 బండి సీటు బోల్టులు విప్పి ముందుకు లాగినప్పుడు, ట్యాంకు మూతికి వెళ్లే రబ్బరు గొట్టం ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి కనిపించింది. వేలితో నొక్కితే నల్లటి పొడిగా రాలింది. ఆ పొడిని వాసన చూస్తూ నిలబడి ఉండగానే నా వెనక, గోడ మూలన ఉన్న గ్యాసు నీళ్ల హీటరు భగ్గుమని వెలిగింది. గ్యారేజీ పెద్ద తలుపు పూర్తిగా ఎత్తి ఉండబట్టి ఏమీ కాలేదు కానీ, ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది పైకి లేచిపోకుండా నేలబారున పాకుతూ, నిప్పు ఉన్న చోటుకు తనంతట తానే చేరుతుంది. గ్యారేజీలో పెట్టే గ్యాసు హీటరులో మంట పుట్టే భాగం నేలకు కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలని ఇక్కడి భవన నిర్మాణ నియమాలు సాధారణంగా చెబుతున్నది ఇందుకే. ఆ ఎత్తు ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. ట్యాంకు ముట్టుకునే రోజున హీటరును, బట్టలారబెట్టే యంత్రాన్ని పూర్తిగా ఆపివేయాలి. వీలైతే బండిని వాకిట్లోకి నెట్టి, ఆరుబయటే పెట్రోలు తీయాలి. తీసిన పెట్రోలును పెట్రోలు కోసమే తయారైన డబ్బాలోనే పోయాలి. మామూలు ప్లాస్టిక్ బకెట్టులో పోస్తే నిశ్చల విద్యుత్తు వల్ల పుట్టే చిన్న రవ్వ చాలు. ట్యాంకు ఖాళీ అయింది కదా అని ధైర్యపడడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నిండు ట్యాంకులో ఉండేది ద్రవం. ఖాళీ ట్యాంకులో ఉండేది గాలి కలిసిన ఆవిరి, పేలేది అదే. ఏళ్ల తరబడి ఎండిన ట్యాంకు కూడా వేడి తగిలితే లోపలి జిగురు నుంచి ఆవిరిని వదులుతుంది కనుక, పాత ట్యాంకుకు ఇంట్లో వెల్డింగు చేయవద్దు. కొత్త ట్యాంకు దొరుకుతుంది. ఆ ఖర్చుకు వెనకాడవలసిన పని లేదు.

వేడి ఎక్కువైన కొద్దీ పెట్రోలు ఆవిరి ఎక్కువగా లేస్తుంది. డాలస్ చుట్టుపక్కల జులై, ఆగస్టు నెలల్లో ఏసీ లేని గ్యారేజీ కొలిమిలా ఉంటుంది, చెమటకు చేతి పట్టు జారుతుంది, మనిషికి ఓపిక తగ్గుతుంది. ట్యాంకు, ఇంధన గొట్టాలు, కార్బురేటరు పనులను అక్టోబరు తరువాతికి వాయిదా వేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక బండిని పైకెత్తడం. సుమారు 3,500 పౌండ్ల బరువుండే బండి కిందికి కేవలం జాకీని నమ్ముకొని తల పెట్టకూడదన్నది అందరికీ తెలిసిన మాటే. అయినా ‘ఒక్క నిమిషం పనే కదా’ అనుకున్నప్పుడే ప్రమాదం జరుగుతుంది. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయవలసింది స్టాండ్లు. స్టాండును ఛాసిస్ దూలం కింద, తుప్పు లేని చోట ఆనించాలి. సుత్తితో తట్టినప్పుడు మొద్దుగా మోగే చోటును నమ్మవద్దు. స్టాండు లోపలి గొళ్లెం పళ్ల మధ్య పూర్తిగా కూర్చుందో లేదో కంటితో చూసుకోవాలి. గొళ్లెం సరిగా పట్టని లోపం వల్లే 2020లో అమెరికాలో లక్షల స్టాండ్లను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చేతిబ్రేకు వెనక చక్రాలను మాత్రమే పడుతుంది కాబట్టి వెనక భాగం ఎత్తినప్పుడు బండిని ఆపేది ఏదీ ఉండదు. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టే జాకీ వేయాలి. వాకిలి తారుదైతే ఎండకు మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి. కింద ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక వేయాలి. స్టాండ్ల మీద నిలిపాక, కిందికి వెళ్లకముందే, బండిని తుంటితో గట్టిగా నెట్టి చూడాలి. పడేదుంటే అప్పుడే పడాలి. విప్పిన చక్రాన్ని దూరంగా పారేయకుండా దూలం కిందికి తోసి ఉంచితే, ఒకవేళ బండి దిగినా మనిషి మీదికి దిగదు. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే కిందికి వెళ్లండి, ఫోను పడుకొని అందుకోగల జేబులో ఉంచుకోండి.

ముందు చక్రాల స్ప్రింగులు బరువు కింద నొక్కుకొని ఉంటాయి. చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ కింద జాకీ లేకుండా, ఆ ఆర్మ్ చివరనుండే బాల్‌జాయింటు (గుండ్రని కీలు) విప్పితే ఆ స్ప్రింగు ఎగిరి ఎముకలు విరగ్గొడుతుంది. స్ప్రింగును ఛాసిస్‌కు గొలుసుతో కట్టి, జాకీని కొద్దికొద్దిగా దించుతూ బిగువు వదలాలి. మొదటిసారి చేస్తున్నవారు ఈ ఒక్క పనికి అనుభవమున్నవారిని పక్కన ఉంచుకోవాలి.

బ్రేకుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి ప్రమాదం కంటికి కనిపించదు. 1970 మోడలు వరకు ఈ బండ్లకు ముందు కూడా డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము లాగగానే లోపల పేరుకున్న బూడిద రంగు పొడిని ఊదడం, కంప్రెసరు గాలితో కొట్టడం మెకానిక్ షెడ్లలో అందరం చూసి పెరిగిందే. ఆ కాలపు బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ అనే ఖనిజపు పీచు కలిపేవారు. ఆ నూగు ఊపిరితిత్తుల్లో చేరితే ఇరవై, ముప్పై ఏళ్ల తరువాత క్యాన్సరుగా బయటపడవచ్చు. మధ్యలో బండి ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ షూలు వేశారో మనకు తెలియదు కనుక, ప్రతి పాత డ్రమ్మునూ ఆస్బెస్టాస్ ఉన్నట్టే చూడాలి. సబ్బునీళ్లు చిమ్మి తడిపి, తడిగానే గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూట కట్టి పారేయాలి. క్లచ్ ప్లేటుకూ ఇదే జాగ్రత్త.

పాత రంగులో సీసం ఉంటుంది. అమెరికాలో 1978లో సీసపు రంగులను నిషేధించింది ఇళ్లకూ బొమ్మలకూ తప్ప వాహనాలకు కాదు. గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ సీసం సన్నని దుమ్ముగా లేచి గ్యారేజీ నుంచి వంటింట్లోకి, అక్కడి నుంచి నేల మీద పాకే పసిపిల్లల చేతికి, నోటికి చేరుతుంది. ఆరేళ్లలోపు పిల్లల మెదడుకూ గర్భిణులకూ అది చేసే హాని మళ్లీ సరిదిద్దలేనిది. అందుకే నీళ్లతో తడుపుతూనే రుద్దాలి, అతి సన్నని దుమ్మునూ ఆపే పీ100 ఫిల్టరున్న మాస్కు పెట్టుకోవాలి, నేలను చీపురుతో ఊడ్చకుండా, అలాంటి దుమ్మును బయటికి వదలని హెపా ఫిల్టరున్న వ్యాక్యూమ్‌తో లాగాలి. పని బట్టలు, బూట్లు గ్యారేజీలోనే విడవాలి, ఆ బట్టలను విడిగా ఉతకాలి. ఇంటి తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేయించండి. బిడ్డను ఎత్తుకోబోయే ముందు స్నానం చేయండి.

ఈ బండ్లకు క్యాబిన్ మూలలూ, తలుపుల కింది అంచులూ తప్పక తుప్పు పడతాయి కాబట్టి వెల్డింగు అవసరం వస్తుంది. గ్రీజు పోగొట్టడానికి క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనరు వాడి, ఆ తడి మీద వెల్డింగు చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. డబ్బా మీద క్లోరిన్ లేనిదని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి, అది కూడా ఆరిన తరువాతే నిప్పు ముట్టించండి. వెల్డింగు ముగిశాక కనీసం అరగంట అక్కడే ఉండాలి. మంటలార్పే ఏబీసీ సిలిండరును బండి పక్కన కాకుండా, బయటికి వెళ్లే తలుపు దగ్గర తగిలించాలి. మంట లేచినప్పుడు మనం దాని వైపు కాక బయటి వైపు పరుగెత్తి, అక్కడి నుంచి వెనుదిరిగేలా ఉండాలి.

చాలా పికప్‌ల వెనక తొట్టెకు చెక్క నేల ఉంటుంది. దానికి మరిగించిన అవిసె నూనె పట్టిస్తే నిగనిగలాడుతుంది కానీ, ఆ నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూలన వేస్తే వాటంతట అవే వేడెక్కి అర్ధరాత్రి అంటుకుంటాయి. ఒక్కొక్క గుడ్డను విప్పి ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి.

చివరి రంగు ఇంట్లో కొట్టవద్దన్నదే నా సలహా. రెండు డబ్బాలు కలిపి కొట్టే క్లియర్‌కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పూత) గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటివల్ల ఒకసారి ఆస్తమా పట్టుకుంటే, తరువాత లేశమంత తగిలినా ఊపిరాడకుండా పోవచ్చు. వాటికి బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు కావాలి. లప్పం, డెంటింగు మీరు చేసుకోండి, పై రంగును మాత్రం రంగు కొట్టే బూత్ ఉన్న షాపుకు అప్పగించండి.

రేడియేటరు నుంచి దించిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, పిల్లలూ కుక్కలూ తాగితే ప్రాణం మీదికి వస్తుంది. గిన్నెను నేల మీద వదలవద్దు. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ తీగ ముందు, బిగించేటప్పుడు చివర. డ్రైవరు తలుపు దగ్గర రివెట్లతో బిగించిన బండి గుర్తింపు నంబరు (విన్) పలకను రంగు కోసమైనా ఊడదీయకండి. దాన్ని కదిల్చిన బండికి కాగితాల చిక్కు తప్పదు, చట్టం దృష్టిలో నేరం కూడా కావచ్చు.

ఇంజను మొదటిసారి తిరిగే రోజున ఉత్సాహం పట్టలేం. అమెరికాలో కార్లకు పొగలోని విషవాయువులను తగ్గించే ఉత్ప్రేరక పరికరాలు (క్యాటలిటిక్ కన్వర్టర్లు) వచ్చింది 1975 మోడలు నుంచి. అంతకు ముందరి ఈ ఇంజను వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ చాలా ఎక్కువ, దానికి రంగూ వాసనా లేవు. పెద్ద తలుపు ఎత్తి ఉన్నా సరే, గ్యారేజీలో స్టార్టు చేయవద్దు. పడకగదుల బయట కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తున్నదో లేదో బటను నొక్కి చూసుకోండి. పెడల్ తొక్కి బ్రేకు గట్టిగా నిలుస్తున్నదని తేల్చుకున్నాక బండిని వాకిట్లోకి నెట్టి, పొగగొట్టం వీధి వైపు ఉండేలా నిలపండి. కార్బురేటరులోకి గ్లాసుతో పెట్రోలు పోయకండి, మంట వెనక్కి తన్నినప్పుడు ఆ గ్లాసు మీ చేతిలోనే ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు మూత బిగించి, మంటలార్పే సిలిండరు పట్టుకున్న మనిషిని పక్కన నిలబెట్టి, పిల్లలను ఇంటి లోపలి కిటికీ నుంచి చూడమని చెప్పి, అప్పుడు తాళంచెవి తిప్పండి.